డెబ్బై రెండు గంటలు

శనివారం ఉదయం ఇమ్కె హార్మ్స్ అతిథిగృహానికి వెళ్ళేసరికి లెనర్డ్ గార్నమ్ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు గాని ఏదీ ముట్టుకోలేదు. ఉడకబెట్టిన గుడ్డు చల్లారిపోయింది. నల్లరొట్టె అలాగే ఉంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఓడ దిగి రైళ్ళు మారి నిన్న సాయంత్రమే ఇంగ్లండు నుంచి వచ్చాడు. అలసటేమో అనుకుంది ఆమె.

"నిద్ర పట్టలేదా?"

"పట్టింది గాని, మీ చర్చి గంటలున్నాయే, గంటగంటకీ నన్ను పలకరించి పోయాయమ్మా."

"అవి కొత్తవి. పాతవి..." అని ఇమ్కె నాలిక కరుచుకుంది. పాత గంటలు గోపురంతో సహా కూలి యాభై రెండేళ్ళయింది. కూల్చడానికి వచ్చిన విమానాల్లో ఒకదాంట్లో ఈయన ఉన్నాడు.

వాళ్ళిద్దరి మధ్యా నాలుగేళ్ళుగా ఉత్తరాలు నడుస్తున్నాయి. 1945 మార్చి తొమ్మిదిన, పొద్దుగూకాక, బ్రిటిష్ విమానాలు జర్మనీలోని ఈ వెస్టర్‌లోహ్ రైల్వే జంక్షన్ మీదికి వచ్చాయి. సగం బాంబులు పట్టాల మీద పడ్డాయి, సగం ఊరి మీద. రెండు వందల పదకొండు మంది పోయారు. ఒక విమానం మంటలతో ఊరవతల చక్కెరదుంప పొలంలో పడింది. అందులోని ఏడుగురిలో ఆరుగురు కాలిపోయారు. బాంబులు గురిచూసి వదిలే కుర్రాడు మాత్రం పారాచూట్‌తో దూకి బతికాడు. అతనే లెనర్డ్.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఊరి బళ్ళో ఇంగ్లీషు చెబుతున్న ఇమ్కె, ఆ ఆరుగురి పేర్లూ వెతికి పట్టుకుంది. వాళ్ళ బంధువులకు రాసింది. పొలం గట్టున ఒక రాయి నిలబెట్టడానికి ఊరి కౌన్సిల్‌ను ఒప్పించింది. తొమ్మిది మంది సరే అన్నారు, ఎనిమిది మంది వద్దన్నారు. ఆ తర్వాత ఆమె ఇంటి తలుపు కింద నుంచి సంతకం లేని చీటీలు రావడం మొదలైంది. మనల్ని తగలబెట్టినవాళ్ళకి పూలా, నీకు సిగ్గు లేదా అని. ఆమె వాటిని చదివి సొరుగులో పడేసేది. రేపు ఆదివారం, ఆ రాయి మీది గుడ్డ తీయడానికే లెనర్డ్ వచ్చాడు.

గుడ్డు మళ్ళీ వేడి చేయించమందామని ఇమ్కె లేవబోతుంటే వీధిలో పోలీసు వ్యాను మైకు వినిపించింది. నర్సింగ్ హోమ్ వెనకాల తవ్వకంలో బాంబు బయటపడిందనీ, కాలవకి ఇవతల వైపు వాళ్ళందరూ పన్నెండు లోపు ఇళ్ళు ఖాళీ చేయాలనీ చెబుతూ పోయింది.

"ఏమంటున్నారు?" అన్నాడు లెనర్డ్.

ఇమ్కె చెప్పింది. ఆయన ముఖంలో రంగు మారింది. అది ఆమె గమనించలేదు. ఆమె ధ్యాస అంతా నర్సింగ్ హోమ్ మీద ఉంది. ఆమె తల్లి ఆల్మా ఉండేది అక్కడే.

*

ఎనభై మూడేళ్ళ ఆల్మా అప్పటికే చక్రాల కుర్చీలో గుమ్మం ముందు సిద్ధంగా ఉంది. ఒళ్ళో చేతిసంచి. మెడకి ఉన్ని మఫ్లరు. హోమ్ వెనక మురుగు గొట్టాల కోసం తవ్వుతున్న జేసీబీ పొద్దున ఏడున్నరకి దేన్నో గుద్దిందట. వంటగది గోడకి పాతిక అడుగుల దూరం.

ఇమ్కె తల్లిని ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టింది. ఆల్మా వెనక్కి తిరక్కుండానే, వెనక సీట్లో ఉన్న లెనర్డ్‌ని అద్దంలోంచి చూసింది.

"వీడేనా?"

"అమ్మా! ఆయనకి కొంచెం జర్మన్ వచ్చు."

"వస్తే మంచిదే. నా మాట అర్థమవుతుంది."

లెనర్డ్ అద్దంలో తలవంచి నమస్కారంగా "శుభోదయం అమ్మా" అన్నాడు తనకొచ్చిన జర్మన్‌లో. ఆల్మా అద్దం పక్కకి తిప్పేసింది. ఇమ్కె కారుని కాలవ అవతలి బడి వైపు పోనిచ్చింది.

బడి వ్యాయామశాలలో మంచాలు పరిచారు. రెండు వందల మందికి పైగా వచ్చారు. రెడ్‌క్రాస్ వాళ్ళు పెద్ద డేగిసాలలో బఠాణీ సూపు కాస్తున్నారు. ముసలివాళ్ళలో కొందరు ఏడుస్తున్నారు, కొందరు పేకాట మొదలెట్టారు. లెనర్డ్ ఎవరో అందరికీ తెలిసిపోయింది. ఆయన కూర్చున్న బెంచీ మీద ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇమ్కె తల్లికి సూపు తాగిస్తూ ఒక కన్ను అటే వేసి ఉంచింది.

ఒంటిగంటకి తలుపు తోసుకుని ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. హానోవర్ నుంచి వచ్చిన బాంబుల నిపుణుడు, పేరు హినర్క్ బ్రాండెస్. చుట్టూ చూసి ఇమ్కె దగ్గరికి వచ్చాడు.

"టీచరుగారు మీరేనా? ఆనాటి ఇంగ్లీషాయన మీతో వచ్చాడట. ఆయనతో పనుంది. నాకా, ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పిన చరిత్ర ఉంది. మీరు పక్కన ఉండి చెప్పాలి."

ఆటసామాన్లు పెట్టే గదిలోకి వెళ్ళారు ముగ్గురూ. బంతుల బుట్టల మధ్య బ్రాండెస్ ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, చేతులు తుడుచుకుని, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఇమ్కె వాక్యం వెనక వాక్యం ఇంగ్లీషులో చెబుతూ పోయింది.

"అది నాలుగు వందల యాభై కిలోల బ్రిటిష్ బాంబు. ముక్కు పైకి, తోక కిందికి పెట్టి మట్టిలో పడుకుంది. దాన్ని పేల్చే ఫ్యూజు తోకలో ఉంది. జేసీబీ దెబ్బకి తోక నలిగిపోయింది, సగం మట్టిలో ఉంది. ఏ రకం ఫ్యూజో నాకు కనపడటం లేదు. మీ వాళ్ళు రెండు రకాలు వాడేవాళ్ళు. ఒకటి, పడగానే పేలేది. పేలకుండా మిగిలిపోతే దాన్ని మర తిప్పి తీసేస్తాను. అరగంట పని. సాయంత్రానికి అందరూ ఇళ్ళకి పోతారు."

"రెండోది?" అంది ఇమ్కె, తెలిసి కూడా.

"రెండోది ఆగి పేలేది. లోపల చిన్న గాజుబుడ్డిలో ద్రవం ఉంటుంది. పడ్డప్పుడు బుడ్డి పగిలి, ఆ ద్రవం ఒక బిళ్ళని కొంచెం కొంచెం తినేస్తుంది. బిళ్ళ పూర్తిగా పోయాక పేలుతుంది. ముక్కు పైకి ఉండిపోతే ద్రవం బిళ్ళకి అందదు. యాభై ఏళ్ళైనా అలా ఉండిపోతుంది. కదిపితే మళ్ళీ మొదలు. ఎప్పుడు పేలేదీ దేవుడికే తెలియాలి. మర తిప్పి తీద్దామంటే ఇంకో కీలు పెట్టారు. తిప్పామా, అక్కడికక్కడే." అని రెండు చేతులూ విప్పి చూపించాడు. "దానికి నేను చేయి పెట్టకూడదు. ఉన్నచోటే పేల్చేయాలి. మేయరుగారు దానికి ససేమిరా అంటున్నారు. హోమ్ పోతుంది, గ్యాసు లైను పోతుంది. కాగితాల్లో ఎక్కడా ఏమీ దొరకలేదు. అందుకని అడుగుతున్నాను. ఆ రోజు మీరు ఏం తెచ్చారు?"

లెనర్డ్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"నాకు గుర్తులేదు," అన్నాడు.

"కొంచెం ఆలోచించమనండి."

"యాభై రెండేళ్ళ మాట. చాలాసార్లు వెళ్ళాం. ఏ రోజు ఏది తీసుకెళ్ళామో... గుర్తులేదమ్మా."

బ్రాండెస్ వాచీ చూసుకున్నాడు. "సరే. మామూలుదే అనుకుని మూడింటికి లోపలికి వెళ్తాను. వేరే దారి లేదు."

ఆ మాట ఇంగ్లీషులో చెబుతూ ఇమ్కె లెనర్డ్ చేతుల వంక చూసింది. కుడి బొటనవేలు ఎడమ అరచేతిని రుద్దుతోంది, ఆగకుండా. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని వేల మంది పిల్లలు ఆమె ముందు నిలబడి, హోంవర్కు ఇంట్లో మర్చిపోయామని చెప్పి ఉంటారు! మర్చిపోయినవాడెవడో, మర్చిపోయానంటున్నవాడెవడో ఆమెకి తెలుసు.

"బ్రాండెస్‌గారూ, ఒక్క ఐదు నిమిషాలు మమ్మల్ని వదిలేయండి."

"పదైనా తీసుకోండి. మూడు దాటితే మాత్రం నన్ను అడగకండి."

*

ఆయన బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. ఇమ్కె చెక్కపెట్టె లాక్కుని లెనర్డ్‌కి ఎదురుగా కూర్చుంది.

"మా నాన్న యుద్ధంలో పోయారని మీకు రాశాను కదా," అంది. "ఎక్కడ పోయారో రాయలేదు."

లెనర్డ్ తలెత్తాడు.

"ఆయన రైల్వేలో లైన్‌మన్. దాడి జరిగిన రోజు పట్టాల దగ్గరే ఉన్నారు, ఏమీ కాలేదు. మర్నాటి నుంచి మర వీధిలో శిథిలాలు తవ్వుతున్నారు. ఒక నేలమాళిగలోంచి గొట్టం మీద ఎవరో కొడుతున్న చప్పుడు వినిపించిందట. మూడోరోజు సాయంత్రం, ఆ నేలమాళిగ పక్కనే మట్టిలో ఉన్న బాంబు పేలింది. తవ్వుతున్నవాళ్ళు పదకొండు మంది. లోపల కొట్టినవాళ్ళు ఎంతమందో ఎవరికీ తెలియదు. నాకప్పుడు ఐదేళ్ళు. మీకు రాయలేదు. రాస్తే మీరు రారేమోనని. ఇప్పుడు చెబుతున్నాను. నాకు తెలుసు లెనర్డ్‌గారూ. ఆగి పేలేవి వేశారని ఈ ఊళ్ళో ముసలివాళ్ళందరికీ తెలుసు. నా కోసం మీరు దాచక్కర్లేదు. ఎన్ని వేశారో, దేన్ని ఎలా గుర్తుపట్టాలో మీకే తెలియాలి. ఆ మనిషి మూడింటికి లోపలికి వెళ్తున్నాడు."

బయట ఎవరో గిన్నె జారవిడిచారు. ఆ చప్పుడుకి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"నన్ను ఇంతకుముందు కూడా అడిగారు," అన్నాడు లెనర్డ్.

"ఎవరు?"

"ఇక్కడే. ఈ ఊళ్ళోనే. పదో తారీఖు తెల్లారి రైతులు నన్ను పట్టుకుని ఇక్కడి పోలీసుల కప్పజెప్పారు. పదమూడో తారీఖు దాకా మీ టౌన్‌హాల్ కింద చీకటికొట్లో ఉన్నాను. పన్నెండో తారీఖు మధ్యాహ్నం పట్టాల వైపు ఒకటి పేలింది. నేను విన్నాను. అదేమిటో నాకు తెలుసు. కాసేపటికి పోలీసు పెద్దాయన వచ్చాడు, దుబాసీగా మందుల షాపాయన్ని వెంటబెట్టుకుని. ఇద్దరి ఒళ్ళంతా దుమ్ము. అడిగారు. ఇంకా ఉన్నాయా, ఎన్ని, ఎన్ని గంటలకి పేలతాయి అని. కొట్టలేదు, తిట్టలేదు. మందుల షాపాయన చివర్లో దయచేసి అన్నాడు. జనం తవ్వుతున్నారు, దయచేసి చెప్పు అన్నాడు."

"మీరేమన్నారు?"

"నా పేరు, నా హోదా, నా నంబరు. మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ అదే చెప్పాను. సాయంత్రం కొట్టు గోడ కదిలింది. పైనుంచి సున్నం రాలి నా మీద పడింది. ఎక్కడ పేలిందో ఇవాళ్టిదాకా నాకు తెలియదమ్మా. నువ్విప్పుడు చెప్పావు."

ఇమ్కె లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియలేదు. గోడ దాకా వెళ్ళి బంతుల బుట్ట పట్టుకుని నిలబడింది. నాలుగేళ్ళుగా ఈయనకి రాసిన ఉత్తరాలు, ఈయన తోటలో గులాబీల సంగతులు, ఈయన భార్య పోయినప్పుడు ఆమె రాసిన నాలుగు పేజీలు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఈయన చెప్పి ఉంటే. ఒక్క మాట, ఒక్క అంకె చెప్పి ఉంటే, నాన్న ఆ సాయంత్రం ఇంటికి వచ్చేవాడు.

ఆమె వెనక్కి తిరిగేసరికి గోడ గడియారంలో రెండు గంటల ఐదు నిమిషాలు.

"ఇప్పుడు చెప్పండి," అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "ఇప్పుడు అడుగుతున్నది నేను. ఎన్ని?"

*

బ్రాండెస్‌ని లోపలికి పిలిచారు. లెనర్డ్ కాగితం అడిగి తీసుకున్నాడు. గీసిన బొమ్మ శుభ్రంగా వచ్చింది.

"ఒక్కో విమానంలో పద్నాలుగు. అందులో ఐదు ఆగి పేలేవి. ఆ రోజు వచ్చిన విమానాలన్నిటిలోనూ అంతే. డెబ్బై రెండు గంటలకి పెట్టారు. చలిని బట్టి ముందూ వెనకా అవుతుంది. బాగుచేసేవాళ్ళు పట్టాల మీదికి రాకూడదని..." ఆగి, మళ్ళీ అన్నాడు. "బాగుచేసేవాళ్ళని చంపాలని. మాకు అలాగే చెప్పారు."

ఇమ్కె ఆ వాక్యం ఉన్నదున్నట్టు జర్మన్‌లో చెప్పింది.

"బయల్దేరే ముందు ప్రతి బాంబునీ చేత్తో తాకి చూడటం నా పని. చీకట్లో తాకినా తేడా తెలిసేది. పడగానే పేలే దాని తోకలో ఇరుసు వేలంత సన్నం. ఆగి పేలే దానికి బొటనవేలికంటే లావు, దాని మొదట్లో ఇత్తడి కట్టు ఉంటుంది. ఇలా." కాగితం మీద వేలు పెట్టాడు.

బ్రాండెస్ ఆ బొమ్మని చాలాసేపు చూశాడు.

"ఇత్తడి," అన్నాడు మెల్లిగా. "పొద్దున బురదలో పచ్చగా ఒక అంచు కనపడింది. జేసీబీ పళ్ళ ముక్క ఏదైనా విరిగి అంటుకుందనుకున్నా. వేలితో గీకి చూశాను కూడా." కుడిచేతి చూపుడువేలు ఎత్తి చూసుకుని, చేయి జేబులో పెట్టేసుకున్నాడు. "అయితే దాన్ని తీసే మాట లేదు. పేల్చడమే. మేయరుగారు నా ఉద్యోగం తీసేసినా సరే."

"పేల్చాలన్నా లోపలికి వెళ్ళాలిగా?" అంది ఇమ్కె.

"వెళ్ళాలి. మందు దాని పక్కన పెట్టి రావాలి. దాన్ని ముట్టుకోను. ఎనిమిది నిమిషాలు చాలు. ముందు ఇసుక లారీలు రావాలి, గ్యాసు కట్టించాలి, అయిదవుతుంది. పేల్చే ముందు సైరను మూడుసార్లు మోగిస్తాం. ఆ మాట ఇక్కడ అందరికీ చెప్పండి, ముసలివాళ్ళు హడలిపోతారు." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "టీచరుగారూ, ఆయనకి నా తరఫున థాంక్స్ చెప్పండి. ఇంట్లో మా ఆవిడ ఇవాళ పంది మాంసం వండుతానంది. తినాలనుంది."

తలుపు తెరిచేసరికి బయట చక్రాల కుర్చీ. ఆల్మా. తనే చక్రాలు తోసుకుంటూ వచ్చినట్టుంది, అరచేతులు ఎర్రగా కమిలాయి. బ్రాండెస్ పక్కకి తప్పుకుని వెళ్ళిపోయాడు.

"ఏమంటున్నాడే వీడు ఇంతసేపూ?" అంది ఆల్మా.

"బాంబు సంగతమ్మా. ఏ రకమో చెప్పాడు."

"దానికి గంట పట్టిందా? నీ మొహం సున్నం కొట్టినట్టుంది. ఏం చెప్పాడు?"

ఏదో ఒకటి చెప్పేయవచ్చు. తల్లికి ఇంగ్లీషు రాదు. లెనర్డ్‌కి అంత జర్మన్ రాదు. ఇద్దరి మధ్యా ఉన్నది తనొక్కతే. ఎనభై మూడేళ్ళ మనిషి, గుండె మందులు వాడుతోంది. ఇమ్కె లెనర్డ్ వైపు చూసింది.

"చెప్పమ్మా," అన్నాడాయన. "అడిగింది కదా ఆవిడ."

ఇమ్కె కుర్చీని లోపలికి లాగి, తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, టౌన్‌హాల్ కింది కొట్టు, దుమ్ము కొట్టుకున్న పోలీసు పెద్దాయన, మందుల షాపాయన, మూడుసార్లు అడిగిన ప్రశ్న, మూడుసార్లు చెప్పిన జవాబు, సాయంత్రం రాలిన సున్నం, ఏదీ వదలకుండా చెప్పింది.

ఆల్మా రెప్ప వేయకుండా విన్నది.

"అన్నానికి పిలవడానికి నేనే వెళ్ళాను," అంది. "రెండు రోజులైంది సరిగా తిని. బంగాళాదుంపలు ఉడికించి పెట్టాను. గొట్టం మీద ఇంకా కొడుతున్నారు ఆల్మా, పది నిమిషాల్లో వచ్చేస్తా, నువ్వు పద అన్నాడు. వీధి మలుపు తిరిగానో లేదో..." ఆమె మఫ్లరు సర్దుకుంది. "అడుగు వీణ్ణి. ఎందుకు చెప్పలేదని."

ఇమ్కె అడిగింది.

"చెబితే, మావాళ్ళు మర్నాడు వేసేవాటి గుట్టు కూడా మీవాళ్ళు కనిపెడతారనుకున్నాను. అది ఒక కారణం. రోజూ ఆ కారణమే చెప్పుకుంటూ వచ్చాను. ఇంకోటి కూడా ఉంది. మావాళ్ళు ఆరుగురూ ఆ పొలంలో కాలుతుంటే చెట్టుకి వేలాడుతూ చూశాను. ఈ ఊళ్ళో ఎవరి మీదా నాకు జాలి లేదు అప్పుడు. జనం తవ్వుతున్నారంటే, తవ్వనీ అనుకున్నాను."

ఇమ్కె దాన్ని కూడా మార్చకుండా చెప్పింది. 'తవ్వనీ' దగ్గర తడబడి, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆల్మా మొదటిసారి లెనర్డ్ ముఖంలోకి సూటిగా చూసింది.

"నాతో మాట్లాడొద్దని చెప్పు వీడికి," అంది కూతురితో. "కానీ ఎక్కడికీ పోవద్దను. అది పేలేదాకా ఇక్కడే నా ఎదురుగా కూర్చోమను."

*

అయిదు దాటింది. బ్రాండెస్ లోపలికి వెళ్ళాడని పోలీసు కుర్రాడు వచ్చి చెప్పిపోయాడు. వ్యాయామశాలలో పేకాట ఆగిపోయింది. ఎవరి గడియారం వాళ్ళు చూసుకుంటున్నారు. ఆటసామాన్ల గదిలో ముగ్గురూ అలాగే కూర్చున్నారు. ఆల్మా కుర్చీలో, ఆమెకి ఎదురుగా చెక్కపెట్టె మీద లెనర్డ్, మధ్యలో ఇమ్కె. ఎనిమిది నిమిషాలు అన్నాడు. అయిదూ అయిదు. అయిదూ పది. సైరను ఎప్పుడు మోగుతుందా అని ఇమ్కె చెవులు రిక్కించి ఉంది.

సైరను మోగలేదు.

ముందు నేల అదిరింది. తర్వాత చప్పుడు వచ్చింది, చెవులతో కాదు, కడుపుతో విన్నట్టు. పైకిటికీ అద్దాలు భళ్ళున పగిలి బుట్టల్లో పడ్డాయి. హాల్లో ఎవరో కెవ్వుమన్నారు. ఆల్మా చేయి గాల్లోకి లేచి దేన్నో పట్టుకుంది. ఇమ్కె చూసేసరికి అది లెనర్డ్ కోటు చెయ్యి. ఆయన కదలకుండా ఉండిపోయాడు.

"సైరను మోగలేదు," అంది ఇమ్కె. "మోగలేదు. ఆయన ఇంకా..."

లేచి పరిగెత్తింది. వరండాలో పోలీసు కుర్రాడు వైర్‌లెస్ పట్టుకుని "బ్రాండెస్, బ్రాండెస్, పలకండి" అని అరుస్తున్నాడు. గరగర తప్ప ఏమీ రావడం లేదు. కాలవ వైపు దుమ్ము మేఘం గోపురం కంటే ఎత్తు లేచింది. జనం గుమిగూడారు. ఇమ్కె లెక్కపెట్టలేదు గాని, తర్వాత ఆ కుర్రాడు చెప్పాడు, నాలుగు నిమిషాలట.

ఆ తర్వాత వైర్‌లెస్‌లో దగ్గు వినిపించింది.

"అరవకు నాయనా. ఎంత అరిచినా నాకొక చెవి వినపడటం లేదు."

మందు పెట్టి, వైరు పరుచుకుంటూ కాలవ గట్టు దాటి మట్టికట్ట వెనక్కి దిగాడట బ్రాండెస్. అక్కడ కూర్చుని మీట చేతిలోకి తీసుకుందామనేలోపు, ఎవరూ మీట నొక్కకుండానే, దానంతటది పేలిపోయింది. ఇంకో రెండు నిమిషాలు ముందు పేలి ఉంటే ఆయన దాని పక్కనే ఉండేవాడు. మర తిప్పుదామనుకుని మూడింటికే వెళ్ళి ఉంటే, ఆయన ఎక్కడున్నాడో వెతకడానికి కూడా ఏమీ మిగిలేది కాదు.

నర్సింగ్ హోమ్ వెనక భాగం కూలిపోయింది. ఆల్మా గదితో సహా పద్నాలుగు గదులు. కాలవ వీధిలో ఒక్క ఇంటికీ అద్దం మిగల్లేదు. మనుషుల్లో మాత్రం ఎవరికీ ఏమీ కాలేదు, బ్రాండెస్ ఎడమ చెవి తప్ప.

*

ఆదివారం కార్యక్రమం ఆపేద్దామన్నాడు మేయరు. ఇమ్కె వద్దంది. పదకొండింటికి పొలం గట్టున నలభై మంది కంటే ఎక్కువ రాలేదు. రాయి వద్దన్న ఎనిమిది మంది కౌన్సిలర్లలో ముగ్గురు మాత్రం వచ్చారు, ఎందుకొచ్చారో వాళ్ళు చెప్పలేదు. చెవికి కట్టుతో బ్రాండెస్ వెనక వరసలో నిలబడ్డాడు.

లెనర్డ్ గుడ్డ తీశాడు. ఆరుగురి పేర్లూ చదివాడు. జేబులోంచి తీసిన ఉపన్యాసం కాగితం మళ్ళీ జేబులో పెట్టేసి, నిన్న ఆటసామాన్ల గదిలో చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు, కొట్లో ఏమడిగారో, తనేమన్నాడో. ఇమ్కె పక్కన నిలబడి ఒక్కొక్క వాక్యమూ జర్మన్‌లో చెప్పింది. ఈసారి ఎక్కడా తడబడలేదు. మధ్యలో ఒక పెద్దమనిషి టోపీ పెట్టుకుని, వెనుదిరిగి, దున్నిన చాళ్ళ మీదుగా నడిచి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు చివరిదాకా నిలబడ్డారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అయిపోయాక ఒక ముసలావిడ వచ్చి లెనర్డ్‌తో, "ఆ మందుల షాపాయన మా మామయ్య. ఆ తర్వాత ఆయన ఇంగ్లీషు మాట మాట్లాడలేదు" అని చెప్పి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం లెనర్డ్ ఇమ్కె ఇంటికి వచ్చాడు. గది పోయింది కాబట్టి ఆల్మా కూతురి దగ్గరే ఉంది, కిటికీ పక్కన సోఫాలో. ఆయన కూర్చోలేదు.

"అమ్మా ఇమ్కె, ఆ పదకొండు మంది పేర్లూ నాకు కావాలి. మీ నాన్నగారితో తవ్వినవాళ్ళవి. ఎక్కడైనా రాసి ఉన్నాయా?"

ఇమ్కె ఆలోచించింది. చర్చి దగ్గరి రాతి మీద రెండు వందల పదకొండు పేర్లూ అక్షర క్రమంలో ఉన్నాయి. అందులో ఎవరు ఆ రోజు పోయారో, ఎవరు మూడోరోజు పోయారో ఎక్కడా లేదు. ఆ మాటే చెప్పబోతుంటే సోఫాలోంచి ఆల్మా అడిగింది, ఏం కావాలట అని. ఇమ్కె చెప్పింది.

ఆల్మా కిటికీ వైపు తిరిగింది. తర్వాత కిటికీతో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"డీట్రిష్ హార్మ్స్, మా ఆయన. ఓల్ట్‌మన్ ఎగర్స్, అతనికి పదహారేళ్ళు కూడా లేవు. క్లాస్ టామెన్. ఇద్దరు రైనర్స్ అన్నదమ్ములు, పెద్దాడు యోహాన్, చిన్నాడు ఫొల్కర్ట్..."

లెనర్డ్ గబగబా నోట్‌బుక్ తీశాడు. రాస్తున్నాడు గాని ఆ పేర్లు ఆయన చెవికి అందడం లేదు, కొట్టేసి మళ్ళీ రాస్తున్నాడు. ఆల్మా ఆగింది. మెడ చాచి నోట్‌బుక్‌లోకి చూసింది.

"టామెన్‌కి రెండు 'ఎమ్'లు," అంది కూతురితో. "అలా కాదు, రెండు. చెప్పు ఆయనకి. తొందరేం లేదు, నిదానంగా రాసుకోమను. ఇంకా ఆరుగురున్నారు."